బల్లి, ఎలుక, చేప, సింహం, డేగ: ఒక వీరుడి అయిదు అవతారాలు
28 ఏళ్ళ తర్వాత మళ్ళీ మేలుకొన్న జపాను ఆట

వీరుడు కోటలో అడుగుపెట్టాడు. అడ్డొచ్చిన రాక్షసులను నరికాడు. చివరి గదిలో నిప్పులు కక్కే డ్రాగన్‌ను మట్టుపెట్టాడు. మామూలుగా అయితే అక్కడ తెర పడాలి, పెళ్ళిబాజాలు మోగాలి. కాని ఈ కథలో అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. చస్తూ చస్తూ డ్రాగన్ విడిచిన శాపం వీరుడికి తగులుతుంది. ఒంటి మీది కవచం పోతుంది, చేతిలోని కత్తి పోతుంది. మనిషి రూపం కూడా పోతుంది. కూలిపోతున్న కోటలోంచి ప్రాణాలు అరచేత పట్టుకుని బయటపడేది వీరుడు కాదు, ఒక బల్లి!

ఇది తోలుబొమ్మలాట కాదు. మన జానపద సినిమా అంతకన్నా కాదు. జపానులో తయారైన ఒక వీడియో గేమ్. పేరు 'వండర్ బాయ్ 3: ది డ్రాగన్స్ ట్రాప్'. డ్రాగన్ పన్నిన ఉచ్చు అని అర్థం. సెగా సంస్థ అమ్మిన 'మాస్టర్ సిస్టమ్' అనే ఆట యంత్రం కోసం 1989లో విడుదలైంది. ఆ యంత్రాన్ని టీవీకి తగిలించుకుని, చేతిలో ఇమిడే చిన్న పలక మీది మీటలు నొక్కుతూ ఆడేవారు. అయిదారు గంటల్లో పూర్తయ్యే ఆట. అలాంటి ఆటలు ఆ రోజుల్లో ఎన్నో వచ్చాయి, ఎన్నో పోయాయి. ఇది మాత్రం పోలేదు. 2017లో ఇద్దరు ఫ్రెంచి యువకులు పూనుకుని దీనికి మళ్ళీ ప్రాణం పోశారు.

శాపాల కథలు మనకు కొత్త కాదు. అగస్త్యుడి శాపంతో ఇంద్రద్యుమ్న మహారాజు ఏనుగై పుట్టి గజేంద్రుడయ్యాడు. నహుషుడు కొండచిలువై అడవిలో పడివున్నాడు. అయితే మన కథల్లో శాపం తగిలినవాడు విమోచనం కోసం ఎదురుచూస్తాడు. ఎవరో వచ్చి తాకాలి, లేదా ఎవరో అనుగ్రహించాలి. ఈ ఆటలో ఎదురుచూడడం కుదరదు. బల్లి తన కాళ్ళ మీద తాను బయలుదేరాలి. శాపం వదిలించే ఒక మహిమగల చిహ్నం ఎక్కడో ఉంది. దాన్ని వెతికి పట్టుకోవాలి.

ఒక్కో వేషం, ఒక్కో విద్య

పగటివేషగాళ్ళను చూసినవారికి ఈ ఆట తేలిగ్గా అర్థమవుతుంది. మనిషి ఒకడే. ఇవాళ ఒక వేషం, రేపు మరో వేషం. ఏ వేషానికి ఆ నడక, ఆ మాట. ఇక్కడ కూడా వీరుడు ఒకడే. ఒక్కో డ్రాగన్‌ను చంపినప్పుడల్లా మరో శాపం తగిలి మరో జంతువుగా మారుతుంటాడు.

మొదటిది బల్లి. నిప్పులు ఉమ్ముతుంది కనుక శత్రువు దగ్గరికి రాకముందే కొట్టవచ్చు. కాని వంగి తప్పించుకోవడం దానికి చేతకాదు. ఎడారి దాటి, పిరమిడ్‌లోకి దిగి, అక్కడ పీనుగు కట్లు చుట్టుకున్న డ్రాగన్‌ను చంపితే రెండో రూపం వస్తుంది. అది ఎలుక.

ఇంత పరాక్రమం చూపినందుకు ఎలుకా బహుమానం అని మొదట చిరాకు వేస్తుంది. పిడికెడంత ఒళ్ళు, బెత్తెడు కత్తి. శత్రువుకు బాగా దగ్గరగా పోతే తప్ప దెబ్బ తగలదు. కాని కాసేపటికి ఎలుక గొప్పతనం తెలిసివస్తుంది. మరే రూపమూ దూరలేని సందుల్లో అది దూరుతుంది. గళ్ళు గళ్ళుగా ఉన్న ఒక రకం రాతిపలకలను పట్టుకుని గోడ మీద పాకుతుంది, కప్పుకు తలకిందులుగా నడుస్తుంది. అంతవరకు దారి మూసుకుపోయిందని వెనక్కి వచ్చేసిన చోట్ల ఇప్పుడు దారులు కనబడతాయి. ఆట మొత్తంలో ఎలుక వంతే అన్నిటికన్నా రుచిగా ఉంటుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సింహమంటే మోజుపడే పిల్లలు ఒప్పుకోకపోవచ్చు.

ఎలుక తర్వాత పిరానా చేప. అంతకుముందు నీళ్ళలో పడితే వీరుడు గుండులా అడుగుకు పోయేవాడు. ఇప్పుడు ఎటు కావాలంటే అటు ఈదుతాడు. సముద్రపు దొంగ వేషంలో ఉన్న డ్రాగన్‌ను చంపేది ఈ చేపే. దాని తర్వాత సింహం. దాని కత్తి దెబ్బ ముందుకే కాదు, పైనుంచి కిందికి విల్లులా తిరుగుతుంది. తల మీద ఉన్నవాణ్ణీ కొడుతుంది, కాళ్ళ కింద ఉన్నవాణ్ణీ కొడుతుంది. జపాను సమురాయి యోధుడి దుస్తుల్లో ఉన్న డ్రాగన్ దాని వంతు. చివరిది డేగ. రెక్కలు వచ్చాక ఇక అడ్డేముంది అనుకుంటాం. ఉంది. నీళ్ళు తగిలితే డేగకు ప్రాణహాని. చేపకు ఇల్లయిన చెరువే డేగకు గండం.

ఈ ఆట కిటుకంతా ఇక్కడే ఉంది. ఏ రూపమూ అన్నీ చేయలేదు. ప్రతి రూపానికీ మరెవరికీ లేని విద్య ఒకటి ఉంటుంది, మరెవరికీ లేని లోపం ఒకటి ఉంటుంది. శాపమని ఏడ్చుకున్నదే తాళంచెవి అవుతుంది.

ఊరు నడిబొడ్డున, దారులు నాలుగు వైపులా

ఆ కాలపు గెంతుడు ఆటల్లో దారి ఎడమ నుంచి కుడికి ఒకటే. రైలు పట్టాల మీద పోయినట్టు పోవాలి. ఒక దశ దాటాక వెనక్కి తిరిగి చూసే పని లేదు. ఈ ఆట వేరు. మధ్యలో ఒక ఊరు ఉంటుంది. ఆ ఊరి నుంచి ఎడారికీ, అడవికీ, సముద్రానికీ దారులు ఉంటాయి. ఎటు పోవాలో ఎవరూ చెప్పరు. పోయి చూసి, కుదరకపోతే తిరిగి ఊరికే రావాలి. చచ్చిపోయినా తేలేది ఊళ్ళోనే. సంపాదించుకున్న కత్తులు, కవచాలు మాత్రం పోవు.

పొలిమేర దాటిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన సంగతే ఇది. మొదటిసారి వెళ్ళినప్పుడు తుమ్మచెట్టు ఒక్కటే కనిపిస్తుంది. ఈత వచ్చాక వాగు అవతలి గట్టు కూడా మన ఊళ్ళోదే అవుతుంది. ఊరు మారదు, మన చేతనైనది మారుతుంది. ఆ అనుభవాన్ని నాలుగు మీటల ఆటలోకి తేవడం 1989 నాటికి కొత్త. ఈ రోజుల్లో ఇలా వెతుకుతూ, తిరిగిన చోటికే తిరుగుతూ, కొత్త విద్యతో పాత తలుపులు తెరిచే ఆటలు వందల సంఖ్యలో వస్తున్నాయి. వాటికి పెద్దన్నల వరసలో దీనికి చోటుంది.

లోపం లేదని కాదు. కొన్ని తలుపులు కంటికి కనబడవు. ఉత్త గోడ ముందు నిలబడి పైమీట నొక్కితే తెరుచుకుంటాయి. అక్కడ తలుపు ఉందని చెప్పే గుర్తు కొన్నిచోట్ల ఏమీ ఉండదు. ఇది తెలివికి పరీక్ష కాదు, ఓపికకు పరీక్ష.

మొహం చూసి బేరం

ఊళ్ళోనూ దారిలోనూ దుకాణాలు ఉన్నాయి. దుకాణదారు ఒక పంది. ఒక కంటికి గంత, నోట్లో సిగరెట్టు. ఆయన దగ్గర కత్తులు, డాళ్ళు, కవచాలు దొరుకుతాయి. కాని అందరికీ కాదు.

ప్రతి రూపానికీ ఆటలో 'ఆకర్షణ' అని ఒక లెక్క ఉంది. తొడుక్కున్న కవచాన్ని బట్టి, సంపాదించుకున్న రాళ్ళను బట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది. లెక్క చాలకపోతే దుకాణంలో మంచి సరుకు ఉన్నా చూపించరు. దాని చోట ప్రశ్నార్థకం గుర్తు మాత్రమే కనిపిస్తుంది. జేబులో బంగారు నాణేలు గలగలలాడుతున్నా ఫలితం లేదు. అదే సరుకు, మంచి కవచం తొడుక్కుని వస్తే బల్ల మీదికి వస్తుంది.

పంచె మాసిపోతే బట్టల కొట్లో ఎలాంటి మర్యాద దొరుకుతుందో తెలిసినవారికి ఈ పంది కొత్తగా కనిపించదు. పిల్లల ఆటలో ఈ లోకరీతిని ఇరికించినవాడు గడుసువాడే.

అరచేతి పలక మీద అంత లోకం

ఇప్పటి ఫోన్ల లెక్కలో చూస్తే మాస్టర్ సిస్టమ్ ఏపాటి యంత్రం? దానిలోని పని జ్ఞాపకం 8 కిలోబైట్లు. ఒక తెలుగు అక్షరం గుర్తుకు ఫోన్లో మూడు బైట్లు పడతాయి. ఆ లెక్కన మీరు చదువుతున్న ఈ వ్యాసంలో సగం కూడా అందులో పట్టదు. ఆట మొత్తం నింపిన కార్ట్రిడ్జి 256 కిలోబైట్లు. నేడు పొలం గట్టున నిలబడి తీసుకునే ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

కార్ట్రిడ్జి పుస్తకం లాంటిది, పని జ్ఞాపకం పలక లాంటిది. పుస్తకంలోంచి కాస్త చూసి పలక మీద రాసుకోవాలి. పని కాగానే చెరిపి మరికాస్త రాసుకోవాలి. సెకనుకు పదుల సార్లు ఇలా జరుగుతుంటే తెర మీద బల్లి గెంతుతున్నట్టు మనకు కనిపిస్తుంది.

బొమ్మ సంగతీ అంతే. తెర మీద అడ్డంగా 256 చుక్కలు, నిలువునా 192 చుక్కలు. ఒకేసారి చూపగలిగిన రంగులు 32. సంక్రాంతి ముగ్గు వేసే ఆడవాళ్ళకు ఈ విద్య వివరించనక్కరలేదు. చుక్కలు లెక్కగా పెట్టుకుని, ఏ చుక్కను వదలాలో ఏ చుక్కను కలపాలో తెలిస్తే నెమలి వస్తుంది, తెలియకపోతే గీతలు మిగులుతాయి. ఆనాటి చిత్రకారులు అరంగుళం లేని చోట కొద్దిపాటి చుక్కలతో ఎలుకకు మీసం పెట్టారు, సింహానికి జూలు పెట్టారు. ఈ చుక్కల బొమ్మల మీద మోజుతోనే నేడు శక్తిమంతమైన యంత్రాల మీద కూడా కొందరు కావాలని పాత పద్ధతిలో ఆటలు చేస్తున్నారు.

కార్ట్రిడ్జిలో ఆట ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకునే ఏర్పాటు లేదు. అందుకని ఊళ్ళో ఒకచోట 14 అక్షరాలు, అంకెలు కలిసిన సంకేతం ఇస్తారు. కాగితం మీద రాసుకుని, మరునాడు మళ్ళీ కొడితే నిన్న ఆపిన రూపంతో, నిన్నటి డబ్బుతో ఆట మొదలవుతుంది. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నామా, నిన్నటి కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. చేసినవారు ఒక చిలిపి పని కూడా చేశారు. తమ సంస్థ 'వెస్ట్‌వన్' పేరును ఇంగ్లీషులో, ఎస్ అక్షరం బదులు 5 అంకె పెట్టి రాసి, మిగిలిన చోట్ల సున్నాలు నింపితే ఆయుధాలన్నీ ఒక్కసారిగా దొరుకుతాయి. ఈ రహస్యం ఆనోటా ఈనోటా దేశదేశాలు తిరిగింది.

ఒకే ఆట, ఊరికో పేరు

ఆటను రూపొందించినవాడు ర్యూయిచి నిషిజావా. వెస్ట్‌వన్ సంస్థను నెలకొల్పినవారిలో ఒకడు. సంగీతం షినిచి సకమోటోది. ఆట హక్కులు వెస్ట్‌వన్‌వి, 'వండర్ బాయ్' అనే పేరు మాత్రం సెగాది. ఈ పంపకం వల్ల తమాషాలు జరిగాయి. మరో సంస్థ యంత్రానికి ఈ ఆటను ఇచ్చినప్పుడు ఆ పేరు వాడే వీలు లేకపోయింది. అక్కడ అది 'డ్రాగన్స్ కర్స్' అయింది. 1992లో జపానులో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ గేర్ యంత్రం మీదికి వచ్చినప్పుడు ఇంకో పేరు.

అన్నిటికన్నా వింత బ్రెజిల్ దేశంలో జరిగింది. అక్కడ మాస్టర్ సిస్టమ్ విపరీతంగా అమ్ముడుపోయింది. టెక్ టోయ్ అనే సంస్థ 1993లో ఈ ఆటలోని బొమ్మలు మార్చి, మౌరీసియో డి సౌజా సృష్టించిన 'మోనికా' బొమ్మల కథల్లోని పిల్లలను వీరులుగా పెట్టింది. బల్లి, ఎలుకల బదులు ఆ దేశపు పిల్లలకు ఇంటింటా తెలిసిన మొహాలు. దారులు అవే, డ్రాగన్లు అవే. మన దగ్గర హిందీ సినిమాను తెలుగు నటులతో మళ్ళీ తీసినట్టన్నమాట. ఆట పుట్టిల్లు జపాను అని తెలియకుండానే అక్కడ ఒక తరం పిల్లలు పెరిగారు.

సంస్థ మూతపడింది, ఆట మిగిలింది

2014లో వెస్ట్‌వన్ దివాలా తీసింది. అప్పటికి పాత యంత్రాలు అటకెక్కాయి. కార్ట్రిడ్జిలు పాత సామాన్ల దుకాణాలకు చేరాయి. ఇక ఆ లోకం మూసుకుపోయిందనే అనిపించింది.

వీడియో ఆటల వ్యవహారంలో ఇదే పెద్ద బాధ. పుస్తకం అచ్చు ఆగిపోయినా ఏ గ్రంథాలయంలోనో ఒక ప్రతి ఉంటుంది, తెరిస్తే చదవవచ్చు. ఆట అలా కాదు. దాన్ని ఆడించే యంత్రం పాడైతే కార్ట్రిడ్జి పెట్టెలో ఉన్నా ఉపయోగం లేదు. తాళపత్రం ఉండి లిపి తెలిసినవాడు లేకపోయినట్టు.

ఓమర్ కోర్నూ ఆ లిపి నేర్చినవాడు. ఫ్రాన్సు దేశస్థుడు. మాస్టర్ సిస్టమ్ ఆటలను మామూలు కంప్యూటర్ మీద ఆడించే 'మెకా' అనే ప్రోగ్రాము రాశాడు. ఆ యంత్రానికి సంబంధించిన ప్రతి వివరాన్నీ కూడబెట్టే పనిలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. బొమ్మలు గీసే బెన్ ఫికేతో కలిసి 'లిజార్డ్‌క్యూబ్' అనే చిన్న సంస్థ పెట్టాడు. నిషిజావా సమ్మతి, ఆశీస్సులు లభించాయి.

కోర్నూ చేసిన పని ఏమిటంటే, కార్ట్రిడ్జిలో ఉన్న యంత్రభాషను ఒక్కో ముక్కా విప్పి చదవడం. బల్లి గెంతితే ఎన్ని చుక్కలు పైకి లేస్తుంది? పాము ఎన్ని లెక్కలకు ఒకసారి కదులుతుంది? కత్తి ఏ క్షణాన తగులుతుంది? ఇవన్నీ ఊహించి కొత్తగా రాయలేదు, పాత ఆట నుంచే రాబట్టాడు. పాతకాలపు మేస్త్రి కట్టిన గుడికి కొత్త సున్నం వేసేటప్పుడు కొలతలు మార్చకూడదన్నది ఆయన పట్టుదల. ఆ కొలతల మీద ఫికే చేత్తో గీసిన బొమ్మలు పెట్టాడు. చుక్కల బల్లి కాస్తా రంగురంగుల కార్టూను సినిమాలోని బల్లి అయింది. సంగీతాన్ని అసలు వాద్యాలతో మళ్ళీ వాయించారు.

2017 ఏప్రిల్‌లో కొత్త ఆట విడుదలైంది. అందులో ఒక మీట ఉంది. ఆట మధ్యలో దాన్ని నొక్కితే కొత్త బొమ్మ తొలగి 1989 నాటి చుక్కల బొమ్మ వస్తుంది. మళ్ళీ నొక్కితే కొత్తది. సంగీతాన్ని కూడా ఇలాగే విడిగా మార్చుకోవచ్చు. తాతయ్య ఫోటో పక్కన మనవణ్ణి నిలబెట్టి పోలికలు చూసినట్టు ఉంటుంది. చిన్నవాళ్ళ కోసం తేలిక దశ పెట్టారు, ఆరితేరినవారి కోసం కష్టమైన దశ పెట్టారు. కావాలంటే వీరుడి బదులు వీరవనితతో ఆడవచ్చు.

వీటన్నిటికన్నా విశేషం మరొకటి. చిన్నప్పుడు నోటుపుస్తకంలో రాసి దాచుకున్న 14 అక్షరాల పాత సంకేతం 28 ఏళ్ళ తర్వాత ఈ కొత్త ఆటలో కొట్టినా పనిచేస్తుంది! ఆనాడు ఏ రూపంలో, ఎంత డబ్బుతో ఆపారో అక్కడి నుంచే మొదలవుతుంది. అన్నేళ్ళ నాటి చీటీని కొత్త యజమాని చెల్లించడం వ్యాపారంలో అరుదు.

ఆట వేరు, జూదం వేరు

ఫోన్లో ఆట అనగానే మన పల్లెల్లో ఇప్పుడు తల్లిదండ్రుల గుండె గుభేలుమంటుంది. దానికి కారణం ఉంది. పేకాట, పందాలు ఫోన్లోకి వచ్చి కూర్చున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టాలు సవరించుకున్నాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది.

ఆ భయంలో రెండింటినీ ఒకే గాటన కట్టడం మాత్రం సరికాదు. ఇక్కడ చెప్పుకుంటున్న ఆటలో పందెం లేదు. ఆటలో దొరికే బంగారు నాణేలు పంది దుకాణంలో తప్ప మరెక్కడా చెల్లవు. ఒకసారి వెలపెట్టి కొనుక్కున్నాక మళ్ళీ చేయి చాపదు. దానికి ఒక మొదలు ఉంది, ఒక ముగింపు ఉంది. ముగింపు ఉన్న ఆటకూ, ముగింపు లేకుండా జేబు తడిమే ఆటకూ ఉన్న తేడాను పెద్దలు గమనించాలి. పిల్లవాడి చేతిలో ఫోన్ ఉందా లేదా అన్న ప్రశ్నతో పాటు, అందులో ఏ ఆట ఉందని కూడా అడగవచ్చు. పక్కన కూర్చుని ఒక పావుగంట చూస్తే జవాబు దానంతట అదే దొరుకుతుంది.

కాగా, లిజార్డ్‌క్యూబ్ ఆ తర్వాత 2020లో మరో పాత సెగా ఆట వరసకు నాలుగో భాగం చేయడంలో పాలుపంచుకుంది. వేరొక ఫ్రెంచి సంస్థ నిషిజావా సహకారంతో 2018లో 'మాన్‌స్టర్ బాయ్' అనే ఆట తెచ్చింది. అందులో వీరుడు పంది, పాము, కప్ప, సింహం, డ్రాగన్ రూపాలు ఎత్తుతాడు. బల్లి ఆట 2019లో ఫోన్లకు కూడా వచ్చింది. ఆటలో తెలుగు లేదు. కాని చదవవలసిన మాటలు తక్కువే. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టగలిగితే చాలు. ఫోన్ అద్దం మీద గెంతడం కొంచెం కష్టం. టీవీకి తగిలించే యంత్రమో, కంప్యూటరో అందుబాటులో ఉంటే మీటల పలకతో ఆడడం మేలు. మొదటిసారి ఆడేవారు ఊరి నుంచి ఎడారి దారి పట్టాలి. బల్లికి వంగడం రాదు కనుక ఎదురొచ్చే దెబ్బలను గెంతి తప్పించుకోవాలి. నాణేలు కూడగానే ముందు డాలు కొనుక్కోవడం మంచిది.